పాత కళ్ళ నంది

గుంటూరు,
24 నవంబరు 2024

మావయ్యా,

ఇవి ఫోను చేసి అత్తయ్యకి చెబితే సరిపోయే సంగతులే. కానీ సుబ్బరావమ్మ అత్తయ్య నోటి మీదుగా నీ దగ్గరికి వచ్చిన మాట సగం ఆవిడ మాటైపోతుంది. నీ జవాబు నా దగ్గరికి చేరేసరికి మిగతా సగం కూడా ఆవిడదే. నీకు చెవులు పూర్తిగా పోయి ఏడాది కావస్తోంది, వాట్సాప్ అంటే నీకు చిరాకు. అందుకని ఉత్తరం. కవర్లు కొనడానికి పోస్టాఫీసుకి వెళితే అక్కడి అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

స్కూల్లో నా డ్రాయింగ్ పాఠాలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. ఆరో తరగతి పిల్లల్ని ఆవు బొమ్మ వెయ్యమంటే క్లాసంతా పాల ప్యాకెట్ మీద ఆవునే వేశారు. ఒక్కడు మాత్రం తోక ఎత్తిన ఆవుని వేశాడు. వాడికే ఎక్కువ మార్కులు వేశాను.

అసలు సంగతికి వస్తాను. డిసెంబరు చివర్లో విజయవాడలో ఐదుగురం కలిసి బొమ్మల ప్రదర్శన పెడుతున్నాం. నావి నాలుగు బొమ్మలు, నాలుగూ దేవుళ్ళ వాహనాలే. దేవుడు కనపడడు. వినాయకుడు లోపల భోంచేస్తుంటే గడప బయట కూర్చున్న ఎలుక. యముణ్ణి ఒక ఇంటి ముందు దింపి, నేలకేసి చూస్తూ నిలబడ్డ దున్నపోతు. అలిగి కొండెక్కిన స్వామితో పాటు తనూ అలగాలో వద్దో తెలియని నెమలి. మనిషి ముఖం గీస్తే చూసేవాళ్ళు ఇదెవరు, అందంగా ఉందా లేదా అంటూ అక్కడే ఆగిపోతారు. జంతువు ముఖమైతే తిన్నగా లోపలి బాధ దగ్గరికి వెళతారు. కనీసం నా నమ్మకం అది.

నాలుగోది నంది. అదొక్కటే కుదరడం లేదు. ఏడెనిమిది సార్లు గీసి చించేశాను. మన శివాలయంలో నంది వాహనానికి ముప్ఫై ఏళ్ళుగా రంగులు వేస్తున్నది నువ్వు. దాని ముఖంలో ఏం ఉండాలో చెప్పు.

అమ్మ కులాసా. నీ పేరు ఎత్తితే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఒక గట్టు తగాదా ఎనిమిదేళ్ళు ఉంటుందా మావయ్యా?

నీ మేనకోడలు
సౌజన్య


మన ఊరి నుంచి,
6 డిసెంబరు 2024

సౌజన్యకి మీ శ్రీమన్నారాయణ మావయ్య రాసేది.

నీ ఉత్తరం నాకంటే ముందు మీ అత్తయ్య చదివింది. ఆ తరవాత రెండు రోజులు నా కూరలో ఉప్పు లేదు. ఇకమీదట ఆవిడ గురించి రాసేటప్పుడు నా భోజనం కూడా కాస్త గుర్తుపెట్టుకో.

మిరప చేను పరవాలేదు. పూత మీద తామర పురుగు కనపడితే మందు కొట్టించాను.

నంది ముఖంలో ఏం ఉండాలన్నావు. ఏమీ ఉండకూడదు. మోసేవాడి ముఖంలో బరువు కనపడితే పైన కూర్చున్న స్వామికి సుఖంగా ఉంటుందా? మా నాన్న నాకు కుంచె ఇచ్చిన రోజున చెప్పిన మాట ఒకటే. నందికి సంతోషం పెట్టు, లేదా నిదానం పెట్టు, దుఃఖం మాత్రం పెట్టకు అన్నాడు. ఊరి దుఃఖమంతా ఎలాగూ దాని చెవిలోనే పోస్తారు. శివరాత్రికి వాహనాన్ని మండపంలో నిలబెట్టిన మూడు రోజులూ జనం వరసకట్టి దాని కుడిచెవిలో తమ కోరికలు చెప్పుకుంటారు కదా. ఏటేటా అన్నిటికంటే ముందు రంగు పోయేది ఆ చెవికే. దానికి నేను ఒక పూత ఎక్కువ వేస్తాను.

పని సంగతి నీకు తెలియందేమీ కాదు. ఉప్పు కాగితంతో పాత రంగు గీకి, పగుళ్ళలో లప్పం పెట్టి, తెలుపు రెండు పూతలు వెయ్యాలి. కళ్ళు చివర పెట్టాలి. కళ్ళు పెట్టిన క్షణాన ఇంటి ఆడపడుచు ఎదురుగా అద్దం పట్టాలి. నంది మొదటిసారి కళ్ళు తెరిచి తన ముఖమే తను చూసుకోవాలి, ఆ తరవాతే మనుషుల్ని చూడాలి. మా తాత నాటి నుంచీ మన ఇంట్లో ఇదే పద్ధతి.

నాదొక అవసరం ఉంది. ఈ ఏడు చెక్క పగిలి, ఆ పగులు కుడి కంటి మీదుగా పోయింది. ముఖం మొత్తం చెక్క దాకా గీకాలి. నా చెయ్యి వణుకుతోంది. ముక్కుతాడు వేయించుకున్న ఎద్దులా తల వంచి ఒప్పుకోవడం నాకు చిన్నతనమే, కానీ కళ్ళు నా వల్ల కాదు. శివరాత్రికి వారం ముందు వచ్చి నువ్వు పెట్టు.

గట్టు తగాదా సంగతి నీకెందుకు? వదిలెయ్.

దీవెనలతో
మావయ్య


గుంటూరు,
28 డిసెంబరు 2024

మావయ్యా,

నంది కుదిరింది! నీ మాట మాత్రం వినలేదు. ఏమీ లేని ముఖం గీద్దామనే కూర్చున్నాను, చెయ్యి ఒప్పుకోలేదు. సంతోషమూ కాదు, నిదానమూ కాదు. దుఃఖం అనడానికి కూడా నాకు మనసు రావడం లేదు. నువ్వే చూసి పేరు పెట్టు. ఎవర్ని చూసి గీశానో ఇప్పుడు చెప్పను. పోల్చుకో చూద్దాం.

ప్రదర్శన నిన్నటితో అయిపోయింది. ఎలుక దగ్గర అందరూ నవ్వారు. దున్నపోతు ముందు ఒక పెద్దావిడ చాలాసేపు నిలబడి, నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. నంది బొమ్మని ఒక పేపరువాళ్ళు ఫోటో తీసుకున్నారు, జిల్లా పేజీల్లో వేస్తారట. మోకాళ్ళ నొప్పులని అమ్మ విజయవాడ రాలేదు, ఆ బొమ్మ తను ఇంకా చూడలేదు.

ఫిబ్రవరిలో తప్పకుండా వస్తాను. కాన్వాసు మీద అయితే తప్పు చేస్తే చించేస్తాను. ఊరంతా మొక్కే నందికి కళ్ళు పెట్టడమంటే ఇప్పటి నుంచే భయం పట్టుకుంది.

అత్తయ్య వంట అమృతం. (ఇది ఆవిడ చదివాకే నీకు ఇస్తుందని తెలుసు.)

సౌజన్య


మన ఊరి నుంచి,
8 జనవరి 2025

సౌజన్యకి,

పేపరు చూశాను. పోల్చుకోమన్నావుగా, పోల్చుకున్నాను. రచ్చబండ మీద మరో నలుగురు కూడా పోల్చుకున్నారు. ఆ పేపరు తెచ్చి నా ముఖం ముందు పెట్టారు.

మీ అమ్మ నీకు ఇన్నేళ్ళూ చెప్పలేదనుకున్నాను. చెప్పిందన్నమాట. తల ఎటు తిప్పిందో, చెవి ఎట్లా వాల్చిందో కూడా మరిచిపోకుండా చెప్పింది. నన్ను నలుగురిలో నిలబెట్టాలంటే ఇంత దూరం నుంచి బొమ్మ గీసి పేపర్లో వేయించాలా?

కళ్ళు పెట్టడానికి నువ్వు రావద్దు. టౌను నుంచి ఎవరో స్ప్రే రంగులవాళ్ళు వస్తామంటున్నారట. ఆ పని వాళ్ళకే ఇచ్చెయ్యమని గుడి కమిటీకి చెబుతాను.

శ్రీమన్నారాయణ


గుంటూరు,
17 జనవరి 2025

మావయ్యా,

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా ఏమీ అర్థం కాలేదు. తీసుకెళ్ళి అమ్మకి ఇచ్చాను. అమ్మ చదివి, ఏదీ ఆ బొమ్మ చూపించమంది. ఫోనులో చూపించాను. చూసి గోడకి జారగిలబడి కూర్చుంది.

"ఎవరు చెప్పారే నీకు? నారాయణ చెప్పాడా? ఇన్నాళ్ళూ నోరు మెదపకుండా ఉండి, ఇప్పుడు నీ చేత బొమ్మ గీయించాడా?" అంది. ఆ పూట అన్నం తినలేదు.

చూశావా మా ఇంటి భాగోతం? నాకు అమ్మ చెప్పిందని నువ్వు అలిగావు, నువ్వు చెప్పావని అమ్మ అలిగింది. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు మహానుభావా! మీ ఇద్దరికీ తెలిసిన ఆ సంగతేదో తెలియనిది నా ఒక్కదానికే.

ఆ నంది నువ్వు. నిరుడు మే నెలలో మన చుట్టాలమ్మాయి భవ్య పెళ్ళి గుర్తుందా? పందిట్లో మన వాళ్ళంతా నీ చుట్టూ చేరి ఏదో చెబుతున్నారు. నువ్వు మాట్లాడేవాళ్ళ వైపు తల తిప్పి, పెదాల కేసి కళ్ళు పెట్టి చూస్తున్నావు. అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆలస్యంగా నువ్వూ నవ్వావు. శుభలేఖ వెనక అప్పటికప్పుడు నీ ముఖం గీసుకున్నాను. అది దీనితో పంపుతున్నాను, చూసుకో. స్వామి వైపు చూడాల్సిన నంది, తన చెవిలో కోరిక చెప్పుకుంటున్న మనిషి వైపు తల తిప్పింది. దానికి వినపడటం లేదు, అయినా వినాలని చూస్తోంది. నేను గీసింది అంతే.

నీ చెవుడుని ఎగతాళి చేశానని బాధపడతావేమోనని భయపడ్డాను. నువ్వు ఇంకేదో అనుకున్నావు. ఏమిటది? నాకు ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి మావయ్యా. చెప్పు.

సౌజన్య


మన ఊరి నుంచి,
28 జనవరి 2025

తల్లీ సౌజన్యా,

శుభలేఖ వెనక నన్ను నేను చూసుకున్నాను. మీ అత్తయ్య కూడా చూసి, "అచ్చం మీరే. వినపడీ వినపడనట్టు నటించేటప్పుడు కూడా ఇదే ముఖం" అని కాగితం మీద రాసి మరీ చూపించింది. తొందరపడి నిన్ను నానా మాటలూ అన్నాను. తప్పు నాది.

చెబుతాను. నీకు గుర్తుందో లేదో, మా దగ్గర సూరీడు అని ఒక గిత్త ఉండేది. అది పుట్టిన వారానికే తల్లి ఆవు పోయింది. అప్పట్లో మీ అమ్మ మీ నాన్నతో ఇదే ఊళ్ళో, మాకు రెండు వీధుల అవతలే ఉండేది కదా. రోజూ వచ్చి సీసాతో పాలు పట్టి దాన్ని సాకింది. నాతో కంటే దానితోనే ఎక్కువ మాట్లాడేది. అది ఎదిగి, జతగాడితో కలిసి బండలాగుడు పోటీల్లో నాలుగు చోట్ల గెలిచింది. నువ్వు హైదరాబాదులో చదువుకుంటున్న రోజులు. ఎనిమిదేళ్ళ కిందట పక్క ఊరి తిరునాళ్ళలో ఎండపూట బండకి కట్టాను. సగం దూరం లాగి మోకాళ్ళ మీద కూలబడింది. తాడుకి అవతల నిలబడ్డ మీ అమ్మ వైపు తల తిప్పి, చెవి వాల్చి చూసింది. కాడి విప్పేలోగా పోయింది. నీ బొమ్మలో తల అచ్చం అటే తిరిగి ఉంది, చెవి అలాగే వాలి ఉంది.

మీ అమ్మ తాడు దాటి వచ్చి, "నువ్వే చంపావురా! పందెం పిచ్చితో నా బిడ్డని చంపావు" అంది, అంత జనంలో. నేను మారుమాట్లాడలేదు. ఏం మాట్లాడను? నెల తిరక్కుండా రెండోదాన్ని అమ్మేసి మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే పనిలో చేరాను. ఆ మిషన్ల మోతలో చెవులు అక్కడే వదిలేశాను. నీకు గట్టు తగాదా అని చెప్పింది మేమే. మా ఇద్దరి పొలాల మధ్య అసలు గట్టే లేదు.

ఇంకొకటి. ఇది మీ అత్తయ్యకి కూడా తెలియదు, ఈ ఉత్తరంతో తెలుస్తుంది. ఆ ఏడాది నుంచి మీ అమ్మ అద్దం పట్టడానికి రాలేదు. అద్దం లేకుండా కళ్ళు తెరిపించడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకని ఏటా నంది కళ్ళ మీద గుండ్రంగా టేపు అంటించి, చుట్టూ రంగు వేసి, ఆరాక టేపు పీకేస్తున్నాను. ఊరంతా కొత్త నంది అని దండం పెడుతుంది. ఎనిమిదేళ్ళుగా అది పాత కళ్ళతోనే ఊరేగుతోంది. ఈ ఏడు చెక్క పగిలి నా దొంగతనం బయటపడే రోజు వచ్చింది.

నువ్వు రా. కళ్ళు పెట్టు. అద్దం పట్టమని మీ అమ్మని అడుగు. నేను అడిగానని చెప్పకు. కాదు, నేనే అడిగానని చెప్పు. తను రాకపోతే ఈ పని ఇక మన ఇంట్లో ఉండదు. స్ప్రే వాళ్ళు వస్తారు, ఒక్క పూటలో ముగించి వెళతారు. పని పోయినందుకూ బాధపడతాను, కానీ నాకు ముఖ్యం ఆ పని కాదు. మా అక్కయ్య ఒక్కసారి మన ఊరి మండపంలో నా ఎదురుగా నిలబడితే చాలు.

మావయ్య


గుంటూరు,
8 ఫిబ్రవరి 2025

మావయ్యా,

నీ ఉత్తరం అమ్మకి మొత్తం చదివి వినిపించాను. టేపు దగ్గర నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, కొంగు అడ్డం పెట్టుకుంది. వస్తావా అంటే రానంది. ఎందుకంటే, "వాడి ముఖం చూసి నేను నిలబడలేనే" అంది. రెండు రోజులు బతిమాలాను, మూడో రోజు పోట్లాడాను. ఇంత మొండితనం ఎవరి పోలికో నీకే తెలియాలి.

19వ తేదీ నేనొక్కదాన్నే వస్తాను. చిన్న కుంచెలు ఉన్నాయి, తెస్తాను.

సౌజన్య


మన ఊరి నుంచి,
13 ఫిబ్రవరి 2025

తల్లీ,

రా. అద్దాన్ని స్తంభానికి ఆనించి పెట్టుకుందాం. రాలేదని మీ అమ్మని ఒక్క మాట అనకు. బిడ్డలా పెంచినదాన్ని చంపినవాడి ముఖం చూడమంటే ఎవరికైనా కష్టమే.

నల్లరంగు డబ్బా కొన్నాను. కళ్ళకి పనికొస్తుందో లేదో నువ్వే చూడాలి.

మావయ్య


గుంటూరు,
1 మార్చి 2025

మావయ్యా,

అమ్మ వచ్చిందని నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఎలా వచ్చిందో నీకు తెలియదు. నేను బ్యాగు సర్దుకుంటుంటే తను గోడ మీద అద్దం తీసి తువ్వాలులో చుట్టుకుంది. బస్సులో చిలకలూరిపేట దాటేదాకా దాన్ని ఒళ్ళోంచి దింపలేదు. మండపం మెట్ల దగ్గర నిన్ను చూసి వెనక్కి తిరిగిపోతుందేమోనని నేను కొంగు పట్టుకునే నడిచాను.

నువ్వు కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని కుడి కన్ను పెట్టావు. వంకర పోలేదు, నేను చూశాను. ఎడమ కన్ను నేను పెట్టాను. అమ్మ అద్దం పట్టింది. నువ్వు ఏడ్చావు. అమ్మ నీ వైపు చూడలేదు. తనకింకా కోపం తగ్గలేదని నువ్వు అనుకుని ఉంటావు. శివరాత్రి అయి మేం బస్సెక్కేదాకా అలాగే అనుకుని ఉంటావు. అందుకే ఇది రాస్తున్నాను.

కళ్ళు ఆరుతున్నప్పుడు నువ్వు మా వైపు వీపు పెట్టి, గొంతుక్కూర్చుని, కిరసనాయిలులో కుంచెలు కడుగుతున్నావు. అప్పుడు అమ్మ నీ వీపుతో మాట్లాడింది. నిన్ను పిలుద్దామని నేను లేవబోతే నా చెయ్యి పట్టి ఆపింది. "వాడికి వినపడదనేగా చెబుతున్నాను, కూర్చో" అంది. అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"ఒరేయ్ నారాయణా, సూరీడు ముందురోజు సాయంత్రం నుంచీ మేత ముట్టలేదురా. మూతి దగ్గర పెట్టి బతిమాలినా ముట్టలేదు. నీకు చెబితే పందేనికి కట్టవు. మా మరుదుల దగ్గర మా తమ్ముడి ఎడ్లే గెలుస్తాయని నోరు పారేసుకుని వచ్చాను. పొద్దున్నే వచ్చి చూస్తే గాడి ఖాళీగా ఉంది. రాత్రి తినేసిందిలే అని సర్దిచెప్పుకున్నాను. దాని కళ్ళు చూస్తే బాగోలేదని నాకు తెలుస్తూనే ఉంది. అయినా నోరు మూసుకున్నాను. అది పడేటప్పుడు నా వంకే చూసింది. జనం నన్ను అంటారేమోనని ముందు నేనే నిన్ను అన్నానురా. నువ్వు ఒక్క మాటైనా తిరిగి అనలేదు. అనుంటే బతికిపోయేదాన్ని."

నువ్వు కుంచెలు తుడుచుకుంటూ ఉన్నావు. అమ్మ కళ్ళు తుడుచుకుని, నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. నీ ముఖం చూసి నిలబడలేనన్నది కోపం కాదు మావయ్యా. ఒట్టు తప్పుతున్నాను. ఆ పాపమేదో నాకే తగలనీ. ఎనిమిదేళ్ళు నువ్వు చెయ్యని తప్పుకి తలొంచుకుని బతికావు. ఇక చాలు.

సౌజన్య


మన ఊరి నుంచి,
7 మార్చి 2025

తల్లీ సౌజన్యా,

నీ ఉత్తరం ఈసారి అత్తయ్య చేతికి చిక్కలేదు. పోస్టుమాన్ చేలోకే తెచ్చి ఇచ్చాడు. మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్ళు చూస్తున్నారని గట్టు దిగి పక్కనున్న పత్తి చేలోకి వెళ్ళి చదువుకున్నాను.

నేను చెయ్యని తప్పు అని రాశావు. అట్లా రాయకు. పందెం రోజు పొద్దున్న అందరికంటే ముందు గాడి దగ్గరికి వెళ్ళింది నేను. ముందురోజు మేత వేసింది వేసినట్టే ఉంది. సూరీడుకి ఒంట్లో బాగోలేదని నాకు అర్థమైంది. అక్కయ్య వచ్చి అది చూస్తే కాళ్ళకి అడ్డంపడైనా సరే కట్టనివ్వదు. అందుకని ఆ మేతంతా ఎత్తి రెండో ఎద్దు ముందు పోశాను. గాడి ఖాళీ చేసింది సూరీడు కాదు, నేను. ఆ ఖాళీ గాడి చూసే మీ అమ్మ మనసుకి సర్దిచెప్పుకుంది.

తను నన్ను అన్నప్పుడు నేను మారుమాట్లాడలేదంటే మంచివాణ్ణని కాదు. తను అన్నది నిజం గనక. ఇన్నేళ్ళూ తన దగ్గర దాచింది నేనొక్కణ్ణే అనుకున్నాను.

ఒట్టు వేసి తప్పే అలవాటు నీకు ఉందని తెలిసిపోయింది గనక, చెప్పొద్దని నీతో ఒట్టు వేయించుకోను. అడుగుతున్నాను, అంతే. ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించకు. ఇది కాగితం మీద తేల్చుకునేది కాదు, నేనే వచ్చి చెబుతాను. 15వ తేదీ శనివారం కోతలు ఆగినా సరే, పొద్దున్నే మార్టూరులో బస్సెక్కుతున్నాను. నేను చెప్పాక తను తిడుతుంది. నువ్వు మధ్యలోకి రావద్దు, తిట్టనీ. ఎనిమిదేళ్ళుగా మా ఇద్దరి తప్పూ ఎవరిది వాళ్ళం ఒంటరిగా మోశాం. ఇకనైనా ఒకచోట కూర్చుని ఏడుస్తాం.

మావయ్య